విదేశయాత్ర: అనుమతి ముందు, టిక్కెట్టు వెనుక

సెలవుదినములలో కుటుంబముతో విదేశములు చూచివచ్చుట యొకనాడు జమీందారులకును బారిస్టరులకును మాత్రమే చెల్లిన ముచ్చట. నేడట్లు గాదు. కోనసీమ రైతును, గుంటూరు వర్తకుడును, వరంగల్లు ఉపాధ్యాయుడును, విశాఖ ఉద్యోగియు సింగపూరునో, పారిసునో, తమ బిడ్డలు కాపురమున్న అమెరికానో చూడ బయలుదేరుచున్నారు. ఇది సంతోషింపదగిన విషయమే. లోకము చూచినవాడు తన దేశమును మఱింత చక్కగ చూడ నేర్చును. కాని యీ ప్రయాణములలో మనవారు తఱచుగ చేయు పొరపాటొకటి కలదు. ముందు విమానపు టిక్కెట్లు కొందురు. పిమ్మట హోటళ్లు కుదుర్చుకొందురు. బంధువులకు తేదీలు తెలియజేయుదురు. ఇక మూడు వారములే గడువున్నదనగా ఆ దేశమువారి యనుమతి మాట తలచుకొందురు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమను సామెత యిట్టి సందర్భమునకు సరిపోవును.

అనుమతి యెప్పుడు కోరవలెను? ప్రశ్న చిన్నదిగ కన్పట్టును గాని, ఒక సామాన్య కుటుంబము రెండు మూడేండ్లు కూడబెట్టిన ధనము దీనిపై నాధారపడియున్నది. మా యుత్తరమిది: యాత్రాసంకల్పము కలిగిననాడే గడువులను విచారింపవలెను, ఆ దేశపు నియమము దరఖాస్తునకు ద్వారము తెఱచిన కొలది దినములలోనే దరఖాస్తు చేయవలెను, అనుమతి చేతికందిన పిమ్మటనే తిరిగిరాని సొమ్మును వెచ్చింపవలెను. ఈ మూడు మాటలకును కారణములు గలవు.

కట్టుబాట్ల పుట్టుక

1914 యుద్ధమునకు పూర్వము ఐరోపాలోని పెక్కు దేశముల నడుమ పాసుపోర్టు లేకయే ప్రయాణములు సాగెడివి. యుద్ధకాలమున గూఢచారుల భయముచే విధింపబడిన నిర్బంధములు శాంతి వచ్చిన పిమ్మటను తొలగలేదు. 1920లో నానాజాతిసమితి యాజమాన్యమున పారిసునగరమున జరిగిన సభ పాసుపోర్టునకొక సామాన్యరూపమును సూచించెను. ఆ సంవత్సరముననే భారతదేశమున ప్రవేశించువారికి పాసుపోర్టును విధించు చట్టము వెలువడెను.

మనకు మాత్రము తలుపులు మూయుట యంతకు ముందే ప్రారంభమైనది. కెనడా ప్రభుత్వము 1908లో, స్వదేశమునుండి యెడతెగని ప్రయాణముచేసి వచ్చినవారు మాత్రమే తమ తీరమున దిగవలెనని నియమించెను. ఆ నియమమున భారతీయుడను మాట యెచ్చటను లేదు. అయినను భారతదేశమునుండి కెనడాకు అట్టి సరళమైన ఓడప్రయాణమే లేనందున, దెబ్బ యెవరికి తగులవలెనో వారికే తగిలెను. 1914లో కోమగాటమారు ఓడలో వాంకూవరు చేరిన 376 మంది యాత్రికులలో ఇరువదినలుగురు తక్క తక్కినవారు రెండు నెలలు నీటిమీద నిలిచి, తీరమును కన్నులజూచి, తిరిగిరావలసివచ్చెను. శతాబ్దము గడచిన తరువాత, 2016లో కెనడా ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పెను. టిక్కెట్టును గూర్చియు, మార్గమును గూర్చియు, గడువును గూర్చియు వ్రాయబడిన నియమము పైకెంత శుష్కముగ కన్పట్టినను, దానిలో మనుష్యుని గౌరవ మిమిడియున్నదనుట కిది చాలిన నిదర్శనము.

స్వతంత్రభారతమున మన హక్కు కొంత స్థిరపడినది. విదేశమునకు పోవుట వ్యక్తిస్వాతంత్ర్యములో భాగమని సర్వోన్నత న్యాయస్థానము 1967లో తీర్పు చెప్పెను. పాసుపోర్టుల చట్టము నా యేడే వచ్చెను. న్యాయమైన పద్ధతి లేక పాసుపోర్టును లాగికొనరాదని 1978లో మేనకాగాంధీ వ్యాజ్యమున మఱల తేలెను. కాని యీ తీర్పులు మన గడప దాటుట కిచ్చిన హక్కులు మాత్రమే. పరదేశపు గడప తొక్కుటకు ఆ దేశమువారి యనుమతి కావలసియే యుండును. అచ్చట మన న్యాయస్థానము పలుకుబడి చెల్లదు. అచ్చట మనకు చేతనున్న బలము ముందుచూపొక్కటియే.

మూడు దినముల అనుమతి యెవరికి?

గత ముప్పది సంవత్సరములలో క్రొత్తరక మనుమతి యొకటి పుట్టినది. వీసా యవసరములేని దేశముల ప్రజలును బయలుదేరుటకు ముందు తమ వివరములను తంత్రీమార్గమున పంపి, సమ్మతి పొందవలెను. ఆస్ట్రేలియా దీనిని 1996లో ప్రారంభించెను. అమెరికా 'ఎస్టా' యను పేర 2009 జనవరి 12 నుండి నిర్బంధము చేసెను. కెనడా 2016లో అనుసరించెను. బ్రిటను 2023 నవంబరులో మొదలిడి, విడతలవారీగ విస్తరించి, 2025 ఏప్రిల్ నాటికి ఐరోపావారికిని వర్తింపజేసెను. ఐరోపా సమాఖ్య 'ఎటియాస్' అను పద్ధతికై 2018లోనే శాసనము చేసి, పలుమారులు వాయిదావేసి, 2026 చివరి మూడు నెలలలో ప్రారంభింతుమని ప్రకటించినది.

దీనివలన సరిహద్దు జరిగి మన విమానాశ్రయమునకే వచ్చినది. పూర్వము పరదేశమున దిగిన తరువాత అధికారి ప్రశ్నించెడివాడు. నేడు బయలుదేరుచోటనే విమానకంపెనీ గుమాస్తా ప్రశ్నించును. సరియైన పత్రములు లేనివారిని తెచ్చిన కంపెనీలపై జరిమానా విధించుటకు బ్రిటను 1987లోనే చట్టము చేసినది. ఇతర దేశములును అట్టి కట్టుబాట్లు చేసికొన్నవి. కావున గుమాస్తాకు దయదలచు నధికారము లేదు. పత్రము లేనివానిని విమానమెక్కింపడు. శంషాబాదులో ఆగిపోయిన యాత్రికుడు రాయబారికి మొఱపెట్టుకొనుటకును వ్యవధి యుండదు.

ఈ క్రొత్త అనుమతులకు గడువులు స్వల్పము. ప్రయాణమునకు కనీసము 72 గంటల ముందు కోరుమని అమెరికా సలహా యిచ్చుచున్నది. మూడు పనిదినములు ఉంచుకొనుమని బ్రిటను చెప్పుచున్నది. ఐరోపావారి నూతన పద్ధతిలో సాధారణముగ కొలది నిమిషములలో, లేదా నాలుగు దినములలో ఉత్తరము వచ్చుననియు, మఱిన్ని పత్రములు కోరినచో 14 దినములును, ముఖాముఖి విచారణకు పిలిచినచో 30 దినములును పట్టవచ్చుననియు శాసనముననే యున్నది.

మనవారు మోసపోవున దిచ్చటనే. అమెరికా పౌరసత్వము పొందిన అల్లుడు, లండనుకు పోవుటకు మూడు దినములు చాలునని ఫోనులో చెప్పును. ఆ మాట యతనికి నిజము. భారతీయ పాసుపోర్టు కలిగిన అత్తమామలకు నిజము గాదు. బ్రిటనుకు గాని, అమెరికాకు గాని, షెంజెన్ ప్రాంతమునకు గాని ఆ తేలికపాటి అనుమతితో పోవుటకు భారతీయ పాసుపోర్టునకు వీలులేదు. సంపూర్ణమైన వీసా కావలెను. ఒకే యింటివారు ఒకే విమానమున ఒకే యూరికి పోవుచున్నను, పాసుపోర్టు వేఱైనచో గడువును వేఱగును. కావున ఇతరుల యనుభవమును ప్రమాణముగ గైకొనరాదు. మన పాసుపోర్టునకు వర్తించు నియమమునే చూడవలెను.

మన పంచాంగము

ఐరోపాలోని 29 దేశములు షెంజెన్ కూటమిగ నేర్పడి యొకే వీసా నిచ్చుచున్నవి. ఆ వీసాకు ప్రయాణమునకు ఆరు నెలల ముందునుండి దరఖాస్తు చేయవచ్చును. 15 దినములకు తక్కువ వ్యవధి యున్నప్పుడు సాధారణముగ చేయరాదు. సక్రమమైన దరఖాస్తు అందిన 15 దినములలో నిర్ణయము చెప్పవలెను. విశేష విచారణ యవసరమైనచో దానిని 45 దినములవరకు పొడిగింపవచ్చును. ఇందలి చిక్కును గమనింపుడు. చివరి దినమున దరఖాస్తు చేసినవాడు నియమమును తప్పలేదు. అయినను ప్రయాణదినము దాటిపోయిన పిమ్మట అతనికి ఉత్తరము వచ్చినచో అధికారియు నియమమును తప్పినవాడు గాడు. ఇంతేగాక దరఖాస్తు నందించి వ్రేలిముద్రలిచ్చుటకు కేంద్రమున ముందు సమయము దొరకవలెను. వేసవి ముందు నెలలలో అది సులభముగ దొరకదు.

బ్రిటను వీసాకు వ్యతిరేకమైన చిక్కు. ప్రయాణమునకు మూడు నెలలకంటె ముందు దరఖాస్తు చేయ వీలులేదు. నిర్ణయము సాధారణముగ మూడు వారములలో వచ్చును. లండనును పారిసును ఒకే యాత్రలో చూడగోరువారు ఈ రెంటిని కలిపి లెక్కింపవలెను. ఏలయన విచారణకాలమున పాసుపోర్టు సాధారణముగ వారియొద్దనే యుండును. ఒక పాసుపోర్టు ఒకేసారి రెండు రాయబార కార్యాలయములలో నుండజాలదు.

దృష్టాంతమునకు మే 10వ తేదీన బయలుదేరు కుటుంబమును తీసికొందము. షెంజెన్ ద్వారము నవంబరు 10న తెఱచుకొనును. బ్రిటను ద్వారము ఫిబ్రవరి 10న తెఱచుకొనును. డిసెంబరులోనో జనవరి మొదటనో షెంజెన్ దరఖాస్తు చేసినవారు, 45 దినములు పట్టినను, ఫిబ్రవరి చివరకు పాసుపోర్టును తిరిగి పొందుదురు. మార్చి మొదటివారమున బ్రిటనుకు దరఖాస్తు చేసినచో ఆ నెలాఖరుకు సాధారణముగ రెండనుమతులును చేతనుండును. టిక్కెట్లు కొనుటకు, కావలసినచో ఒక లోపమును సవరించుకొనుటకు నెలదినములకు పైగ మిగులును. ఇదే కుటుంబము ఏప్రిల్ మొదటివారమున మేల్కొన్నచో రెండింటిలో నొకటి వదలుకొనవలసినదే.

అమెరికాది మఱియొక దారి. అచ్చట విచారణకు పట్టు కాలముకంటె ముఖాముఖికి తేదీ దొరకుటకు పట్టు కాలమే మిక్కుటము. కరోనా మహమ్మారి పిమ్మట, 2022 చివర, మన దేశములోని కొన్ని కేంద్రములలో సందర్శకుల వీసాకు చూపిన నిరీక్షణ రెండేండ్లకు మించియుండెను. ఈ కాలము నెలనెలకు, ఊరూరికి మారుచుండును. ముఖాముఖి లేకయే వీసాలను పునరుద్ధరించు సౌకర్యమును 2025 సెప్టెంబరు 2 నుండి చాలవరకు కుదించిరి. హైదరాబాదులోని కాన్సలేటు 2023లో నానక్‌రాంగూడలోని విశాలభవనమునకు మారినను, కూతురి ప్రసవమునకో, మనుమని పట్టభద్రోత్సవమునకో పోగోరు తల్లిదండ్రులు ఒక సంవత్సరము ముందే తేదీకై ప్రయత్నించుట వివేకము. ఒకమారు లభించిన సందర్శకుల వీసా భారతీయులకు సాధారణముగ పదేండ్లు చెల్లును గనుక తొందరపడి పొందుటవలన నష్టములేదు. అమెరికా విమానాశ్రయమున విమానము మారుటకు మాత్రమే దిగువారికిని వీసా కావలెనని మఱవరాదు.

మఱీ ముందైనను చెల్లదు

కొన్ని దేశములలో త్వరపడుటకును వీలులేదు. థాయిలాండు 2025 మే 1 నుండి విదేశీయులందరికిని ఆగమనపత్రమును విధించినది. దానిని ఆ దేశము చేరుటకు ముందు మూడు దినములలోపల నింపవలెను. సింగపూరు, మలేషియాల పత్రములకును మూడు దినముల నియమమే. ఇవి వీసాలు గావు. సింగపూరునకు భారతీయులు వేఱుగ వీసా పొందవలెను. ఆ పత్రమొక్కటి నింపి అంతయు ముగిసినదనుకొనువారు నగుబాటు పాలగుదురు. కెన్యా 2024 జనవరి నుండి వీసాను తొలగించి ప్రయాణానుమతిని నెలకొల్పినది. కనీసము మూడు దినములు ముందుగ దానిని కోరవలెను. మన గుజరాతీ, పంజాబీ సోదరులు తరతరములుగ కాపురమున్న ఆ దేశపు మృగవనములను చూడబోవువారు దీనిని గుర్తుంచుకొందురు గాక.

ఈ దరఖాస్తులన్నిటికిని మూలము పాసుపోర్టు. పెద్దలకది పదేండ్లు, పిల్లలకు సాధారణముగ అయిదేండ్లు చెల్లును. కావున తండ్రి పాసుపోర్టు నిలిచియుండగనే పిల్లవానిది తీరిపోవుట కలదు. షెంజెన్ ప్రాంతమునుండి తిరిగివచ్చు దినము తరువాత మూడు నెలలైనను అది చెల్లుచుండవలెను; పెక్కు ఇతర దేశములు ఆరు నెలలు కోరును. పాత పాసుపోర్టుపై పొందిన ప్రయాణానుమతి క్రొత్త పాసుపోర్టునకు చెల్లదు. మన తెలుగువారికి పేర్ల చిక్కొకటి యదనము. ఇంటిపేరు ముందో వెనుకో, పొడియక్షరమో పూర్తిగనో, బడిపత్రమున నొకరీతి, ఆధారులో నొకరీతి వ్రాయించుకొనుట మనకలవాటు. పాసుపోర్టున నెట్లున్నదో అట్లే టిక్కెట్టునను దరఖాస్తునను ఉండవలెను. పాసుపోర్టున ఒకే పేరు గలవారిని సందర్శకులుగ రానీయమని అరబ్బు ఎమిరేట్లు 2022 నవంబరులో ప్రకటించినవి. ఇట్టివి దిద్దుకొనుటకు వారములు పట్టును. అందుచే అనుమతి గడువునకు ముందు పాసుపోర్టు గడువును లెక్కింపవలెను.

ఆక్షేపణము, సమాధానము

ముందుగ కొన్న టిక్కెట్లు చవుక గదా, రాయబారులు టిక్కెట్టు చూపుమని యడుగుదురు గదా యని కొందఱాక్షేపింతురు. షెంజెన్ దరఖాస్తున కోరునది ప్రయాణపు ఏర్పాటునకు నిదర్శనము. సొమ్ము పూర్తిగ చెల్లించిన టిక్కెట్టు గానక్కరలేదు. అమెరికా విదేశాంగశాఖ వీసా చేతికందువరకు తుది ఏర్పాట్లు చేసికొనవలదని తానే హెచ్చరించుచున్నది. రద్దుచేసికొనదగిన టిక్కెట్టునకు కొంత యధికము చెల్లించుట పంటకు భీమా కట్టుట వంటిది. చవుకయని కొన్న టిక్కెట్టు అనుమతి లేక మురిగిపోయినచో దానికంటె ఖరీదైన వస్తువు వేఱొకటి లేదు.

తొందరలో నున్నవానిని దళారి సులభముగ పట్టుకొనును. ప్రభుత్వపు చిహ్నములను పోలిన బొమ్మలు పెట్టుకొని, స్వల్పరుసుమునకు దొరకు అనుమతికి పెక్కురెట్లు గుంజు నకిలీ కార్యాలయములు అంతర్జాలమున కొల్లలుగ నున్నవి. వ్యవధి గలవాడు అసలు ప్రభుత్వపు చిరునామాను వెదకికొనును. వ్యవధి లేనివాడు ముందు కన్పట్టినదానికి సొమ్ము చెల్లించును.

ప్రభుత్వము చేయవలసినది

ఇంతవరకు ప్రజల కర్తవ్యమును చెప్పితిమి. కాని నేరమంతయు ప్రజలదే యనుట న్యాయము గాదు. 2024లో భారతీయులు షెంజెన్ వీసాలకై సుమారు 11 లక్షల దరఖాస్తులు చేయగా అందు సుమారు 1 లక్ష 65 వేలు తిరస్కరింపబడినవి. ఆ యేడు జూన్ 11న పెద్దల రుసుము 80 యూరోలనుండి 90 యూరోలకు పెరిగెను. తిరస్కారమైనను రుసుము తిరిగిరాదు. ఈ విధముగ మన మధ్యతరగతి గృహస్థుల సొమ్ము కోటి యూరోలకు పైగ, వారు గడపయైన తొక్కని దేశముల బొక్కసములకు చేరినది. పరదేశము తన ద్వారమును కాపాడుకొనుటను మేమాక్షేపింపము. ఆ హక్కును మనమును వినియోగించుకొనుచున్నాము. కాని 2014లో తంత్రీమార్గపు వీసాను నెలకొల్పిన భారతదేశము, ముప్పది దినముల విహారమునకు వచ్చు అమెరికా, ఐరోపావాసులను నాలుగు దినములు ముందు కోరుడని మాత్రమే యడుగుచున్నది. వారి పౌరునికి మనమిచ్చు నిశ్చయమును మన పౌరునికి వారిచ్చుట లేదు. గడువు దీర్ఘమైనను సహింపవచ్చును. అనిశ్చితమైన గడువు సహింపరానిది. ఎప్పుడు ఉత్తరము వచ్చునో తెలియనివాడు సెలవు కోరజాలడు, పొలము పనిని మఱియొకరి కప్పగింపజాలడు, టిక్కెట్టు కొనజాలడు.

సంప్రదింపులవలన ఫలము కలుగకపోదు. పూర్వము మూడేండ్లలో రెండు వీసాలు పొంది సక్రమముగ వినియోగించుకొనిన భారతీయులకు రెండేండ్లు చెల్లు షెంజెన్ వీసా నీయవచ్చునని, పిమ్మట అయిదేండ్లది యీయవచ్చునని ఐరోపా కమిషను 2024 ఏప్రిల్‌లో అంగీకరించెను. ఇది మంచి యారంభము. వర్తకపు ఒడంబడికలు చేసికొనునపుడు సుంకములనుగూర్చి గట్టిగ వాదించు మన ప్రభుత్వము, పౌరుల ప్రయాణపు గడువులనుగూర్చియు నంత గట్టిగ వాదింపవలెను. నిర్ణయమునకు తుదిగడువును, గడువు దాటినచో రుసుము వాపసును, తిరస్కారమునకు స్పష్టమైన కారణమును కోరవలెను. ప్రతి దేశమునకు ఎన్ని నెలల ముందు దరఖాస్తు చేయవలెనో తెలుపు పట్టికను తెలుగున ముద్రించి, ఎప్పటికప్పుడు సవరించుచు, పాసుపోర్టు సేవాకేంద్రములలోను తపాలా కార్యాలయములలోను అంటించుటకు పెద్ద వ్యయమేమియు కాదు.

అంతవరకు మన పని మనము చేసికొందము. నియమములు మారుచుండును గనుక బయలుదేరుటకు ముందు ఆయా దేశముల ప్రభుత్వ ప్రకటనను మఱల నొకసారి చూడవలెను. రానున్న వేసవికి ఐరోపా పోదలచినవారు కార్తికమాసముననే పాసుపోర్టులను బయటికి తీసి తేదీలు చూచుకొనవలెను. అమెరికా పోదలచినవారికి రానున్న వేసవి చాలదు, ఆపై వేసవికి నేడే తేదీ వెదకవలెను. ఇంటినుండి గౌరవముగ బయలుదేరి, పరుల గడపవద్ద సందేహమునకు తావీయక నిలిచి, చూడవలసినది చూచి సుఖముగ తిరిగివచ్చుటకు ఈపాటి శ్రమ యధికము గాదు.